కడియం నుంచి తెచ్చిన మొక్కలు మా ఇంట్లో ఎందుకు బతకడం లేదు?

హైదరాబాద్ శివారు నుంచి ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. క్లుప్తంగా ఆమె సమస్య ఇది.

మూడేళ్ల క్రితం 200 గజాల్లో తూర్పు ముఖంగా ఇల్లు కట్టుకున్నారు. నాన్నగారు పోయాక అమ్మగారిని కోనసీమ నుంచి తెచ్చి తమ దగ్గరే ఉంచుకున్నారు. ఆవిడకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఊళ్లో ఉన్నప్పుడు పెరడంతా పూలే. మల్లె, మందారం, నూరువరహాలు, కనకాంబరం, చామంతి, ఏ రోజు పూజకీ పువ్వు కొన్న పాపాన పోలేదు. ఇక్కడ మాత్రం ఏది నాటినా దక్కడం లేదు. ఊరికి వెళ్లినప్పుడల్లా నర్సరీల ఊరు కడియంలో ఆగి డిక్కీ నిండా మొక్కలు తెస్తున్నారు, మే నెల దాటేసరికి సగం పోతున్నాయి, మిగిలినవి ఆకులేసుకుని ఊరుకుంటున్నాయి. మల్లె తీగలా సాగింది కానీ మొగ్గ లేదు. మందారం మొగ్గలు విచ్చకుండానే రాలుతున్నాయి. నూరువరహాల ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. చామంతి సంక్రాంతి వెళ్లినా పూయలేదు. ముచ్చటపడి కొన్న హైడ్రేంజియా ఏప్రిల్‌లోనే ఎండిపోయింది. గులాబీకి మొదలు దగ్గర నుంచి ఒక కొమ్మ బారెడు పెరిగింది, దానికీ పువ్వు లేదు.

దక్షిణం పక్క ప్లాటులో పోయినేడు అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. భర్త విసిగిపోయి చుట్టూ పార్కింగ్ టైల్స్ వేయించేద్దామంటున్నారు. అమ్మగారేమో "నా చెయ్యి మంచిది కాదే, ఇక నేను ముట్టుకోను" అని పక్కకి తప్పుకున్నారు. ఆ మాట వినలేకపోతున్నానని, దసరాకి ఊరెళుతున్నామని, ఈసారి మొక్కలు తేవాలా వద్దా, తెస్తే ఏవి తేవాలి, ఇంట్లో ఈ గొడవ ఎలా తెగుతుందని ఆమె అడుగుతున్నారు.

మీ ఉత్తరం చదివాక నాకు ముందు అనిపించింది, ఈ మాట మీ అమ్మగారికి చదివి వినిపించాలని: అదే చెయ్యి అక్కడ ఏళ్ల తరబడి పెరడంతా పూయించింది కదండీ. చెయ్యి మారలేదు. చేతి కింద మట్టి మారింది, నెత్తి మీద ఎండ మారింది, చెంబులో నీళ్లు మారాయి. మూడూ ఒకేసారి మారితే ఎవరు నాటినా ఇంతే. మీరు చేస్తున్నదల్లా మొక్కని ముందు కొనేసి, తర్వాత దానికి చోటు వెతకడం. దాన్ని తిప్పి చేయాలి. ముందు మీ ఇంటి చుట్టూ ఏ మూల ఏమిస్తుందో చూసుకోవాలి, ఆ తర్వాతే మొక్క.

ఎండ దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే మీ కష్టాల్లో సగం అక్కడే ఉన్నాయి, మీరేమో దాని గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. అయిదంతస్తులంటే సుమారు 50 అడుగుల ఎత్తు. హైదరాబాద్‌లో డిసెంబరు ఆఖరున మిట్ట మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు, అప్పుడు ఆ బిల్డింగ్ నీడ ఉత్తరం వైపు, అంటే మీ వైపు, 43 అడుగుల దాకా పడుతుంది. మార్చి మూడో వారానికి అది 16 అడుగులకి తగ్గుతుంది. మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకి కూడా నీడ ఉండదు. ఆ రెండింటి మధ్య అయితే కాస్త ఉత్తరానికే వెళ్తాడు. ఇప్పుడు మీ దక్షిణపు సందు సంగతి ఆలోచించండి. అయిదడుగుల వెడల్పు, ఒక పక్క మీ గోడ, ఇంకో పక్క ప్రహరీ, దాని వెనక ఆ అపార్ట్‌మెంట్. చలికాలమంతా ఎండ పొడ ఉండదు. ఏప్రిల్ సగం దాటాక మాత్రం, పొద్దున్నా లేదు సాయంత్రం లేదు, సరిగ్గా 12 గంటల ప్రాంతంలో గంటో రెండు గంటలో నిప్పులు కురుస్తాయి, రెండు గోడలూ కాలి ఆ వేడిని రాత్రి దాకా వదులుతూనే ఉంటాయి. మొక్కకి కావాల్సినప్పుడు ఎండ లేదు, వద్దన్నప్పుడు మాడ్చేస్తుంది. మీ స్థలం మొత్తంలో పూల మొక్కకి ఇంతకంటే చెడ్డ చోటు లేదు, మీరు వరసగా మందారాలూ మల్లెతీగా నూరువరహాలూ పెట్టింది అక్కడే. ఖాళీగా కనబడింది కాబట్టి పెట్టారు, అందరూ అదే చేస్తారు.

ఇదంతా నా మాట మీద నమ్మక్కర్లేదు. ఒక ఆదివారం పొద్దున 8, 10, 12, మధ్యాహ్నం 2, 4 గంటలకి ఇంటి నాలుగు వైపులా ఫోన్‌తో ఫొటోలు తీయండి. అదే పని డిసెంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి చేయండి. ఒక్క కాలంలో చూసి నిర్ణయిస్తే మోసపోతారు. ఉత్తరం వైపు ఎండే రాదనుకుని నీడ మొక్కలు పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, మే నెల వచ్చేసరికి పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండ సరిగ్గా అటు నుంచే కొట్టి ఆకులన్నీ కమిలిపోతాయి, ఎందుకు మాడాయో అర్థం కాదు.

మీకున్న మంచి చోటు ముందు భాగం, తూర్పు వైపు. వేసవిలో పొద్దున 6 నుంచి దాదాపు 12 వరకు ఎండ, ఆ తర్వాత మీ ఇంటి నీడే దానికి గొడుగు. మన ఎండలకి పూల మొక్కలు కోరుకునేది ఇదే. చలికాలంలో పక్క బిల్డింగ్ వల్ల ఆగ్నేయం మూలకి ఎండ తొందరగా పోతుంది, ఈశాన్యం వైపు జరిగేకొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. మీ ఈశాన్యంలో సంపు ఉందన్నారు, దాని మూత మీద కుండీలు పెట్టకండి, మూత తీయాల్సిన రోజున నడుం మీదే. దాని పక్కన మాత్రం ఒక్క అడుగు కూడా వృథా చేయొద్దు.

మల్లె సంగతి. మల్లెకి రోజుకి కనీసం అయిదారు గంటల ఎండ ఉండాలి, కాబట్టి ఆ సందులో ఉన్నంతకాలం అది తీగే, పువ్వు కాదు. దాన్ని పీకి మార్చనవసరం లేదు. కింది కొమ్మ ఒకటి వంచి మట్టిలో కప్పి నేలంటు తొక్కితే వేరు పోసుకుంటుంది, వానలుండగానే చేసేయాలి. ఈ పని మీ అమ్మగారికి నేను చెప్పేదేముంది, ఆవిడే చేస్తారు. అయితే చోటు మార్చినంత మాత్రాన మొగ్గ రాదు. మీరు ఏడాది పొడుగునా రోజూ నీళ్లు పోస్తున్నామని రాశారు, ఒక్కసారి కూడా కత్తిరించినట్టు రాయలేదు. మల్లె కొత్త చిగురు మీద పూస్తుంది. డిసెంబరులో నీళ్లు బాగా తగ్గించి, మొక్కని కాస్త ఎండగట్టి, ఆకు దూసేసి, నేల నుంచి అడుగున్నర ఎత్తున కొమ్మలన్నీ కత్తిరించాలి. చూడటానికి ఘోరంగా ఉంటుంది, ఇంట్లోవాళ్లు చంపేశావంటారు, పట్టించుకోకండి. ఆ తర్వాత మొక్క మొదట్లో చివికిన పశువుల ఎరువు వేసి నీళ్లు మొదలుపెడితే చిగురుతో పాటే మొగ్గ తొడుగుతుంది, మార్చి నుంచి పూలు. కత్తిరించకుండా ఎరువు మీద ఎరువు వేశారనుకోండి, ఇప్పుడున్న తీగ ఇంకా పొడుగవుతుంది, అంతే.

చామంతిది పూర్తిగా వేరే కథ. మీ గేటు ముందు వీధి లైటు ఉందని, రాత్రంతా పగల్లా ఉంటుందని మీరు సంతోషంగా రాశారు. చామంతికి అదే శత్రువు. అది పూతకి రావాలంటే రాత్రులు పొడుగవ్వాలి, ఆ రాత్రి కూడా మధ్యలో తెగని చీకటిగా ఉండాలి. వెలుతురు పడితే ఇంకా పగలే అనుకుని ఆకులే వేస్తూ పోతుంది. వ్యాపారానికి పెంచేవాళ్లు పూతని కావాలనే ఆలస్యం చేయడానికి తోటలో బల్బులు పెట్టేది ఇందుకే, మీకు అది ఉచితంగా జరిగింది. పగలు ఆరు గంటల ఎండ, రాత్రి చీకటి, రెండూ ఉన్న చోటు కావాలి. కుండీల్లోనే ఉన్నాయి కాబట్టి ఇప్పుడే, ఆగస్టులోనే, మార్చేయొచ్చు. డాబా మీద పిట్టగోడ చాటున లైటు పడని మూల ఉంటే అక్కడ పెట్టి, మొగ్గలు బాగా కనబడ్డాక కిందికి తెచ్చుకోండి. ఎవరు మోస్తారు అంటే మీవారే, ఆయన్ని ఎలా ఒప్పించాలో కింద చెబుతాను. అంత ఓపిక లేదనుకుంటే ఇంకో దారి ఉంది, చామంతిని పెంచడం మానేసి డిసెంబరులో మొగ్గలతో ఉన్న కుండీలు కొనుక్కోవడం. తప్పేం లేదు. నెలన్నర పూస్తాయి. కాకపోతే ఏటా ఖర్చు, పైగా అమ్మగారికి పెంచిన తృప్తి ఉండదు.

ఇప్పుడు ఆ పసుపు ఆకులు. లేత ఆకు పసుపెక్కి ఈనెలు పచ్చగా మిగిలాయంటే ఇనుము అందడం లేదని గుర్తు. చాలాసార్లు మట్టిలో ఇనుము లేక కాదు, మట్టి సున్నంతో నిండి ఉండటం వల్ల వేరు దాన్ని తీసుకోలేకపోతుంది. నూరువరహాలు, గంధరాజం లాంటివి పుల్లటి నేలని ఇష్టపడతాయి. మీ ప్రహరీ పక్కన ఒక అడుగు తవ్వి చూడండి, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, కాంక్రీటు కలిపే మిల్లర్ కడిగిన బూడిద నీళ్లు గట్టిపడిన పొరలు బయటపడతాయి. కొత్త ఇళ్లలో దాదాపు ఎప్పుడూ ఇదే వరస. పునాది నుంచి తీసిన మొరం, కట్టుబడి చెత్త, పైన ట్రాక్టరు ఎర్రమట్టి అరడుగు. పొడి మట్టి చారెడు తీసుకుని వంటింటి వెనిగర్ కాస్త పోస్తే బుసబుసమని నురగ వచ్చిందంటే సున్నం ఉందన్నమాట.

దీనికి మూడు స్థాయిల్లో మందు ఉంది, మీ ఓపికని బట్టి ఎంచుకోండి. తాత్కాలికంగా కావాలంటే లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఎండ చల్లబడ్డాక సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి, వారానికోసారి రెండు మూడు సార్లు. కొత్త ఆకు పచ్చగా వస్తుంది, కొన్ని నెలలకి మళ్లీ మొదటికొస్తుంది. రెండోది, అలాంటి మొక్కల్ని నేలలో పెట్టకుండా 14 అంగుళాల కుండీల్లోకి మార్చి, మంచి మట్టి, ఆకుల ఎరువు, కాస్త కోకోపీట్ కలిపి పెంచడం. మూడోది, నేల మార్చడం: రెండడుగులు తవ్వి చెత్తంతా తీసేసి, కొత్త మట్టీ పశువుల ఎరువూ నింపడం. ఖర్చు, శ్రమ, కూలీ దొరకడం కష్టం, కానీ ఒక్కసారే. అన్ని వైపులా చేయక్కర్లేదు. తూర్పున 15 అడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు ఒక మడి చేస్తే మీ ఇంటి పూజకి సరిపోను పూలొస్తాయి. గొయ్యి తీసిన రోజునే దాన్నిండా నీళ్లు నింపండి, ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు నాలుగయిదు గంటలకి కూడా ఇంకకపోతే కింద బండో గట్టి మొరమో ఉంది. అప్పుడు తవ్వడం మానేసి మడిని నేల మీద అడుగున్నర ఎత్తున ఇటుకతో కట్టుకోవడం నయం. నా ఓటు నిజానికి ఎలాగైనా దానికే. కారణం మీ అమ్మగారి మోకాళ్లు. గట్టు మీద కూర్చుని పువ్వు కోసుకోవచ్చు.

నీళ్ల గురించి మీరు రాసిన ఒక చిన్న విషయం నన్ను ఆపేసింది. కుండీల అంచున తెల్లటి పొర కడుతోందని, అందుకని బోరుకి సాఫ్ట్‌నర్ పెట్టించి ఆ నీళ్లే పోస్తున్నామని రాశారు. వెంటనే ఆపండి. సాఫ్ట్‌నర్ సున్నాన్ని తీసేసి దాని బదులు సోడియం వదులుతుంది, బట్టలకీ పంపులకీ మంచిదే, మట్టికి మాత్రం కాదు, పోనుపోను నేల బిగుసుకుపోతుంది. దాని కంటే ఉత్త బోరు నీళ్లే మేలు, సాఫ్ట్‌నర్‌కి ముందు ఒక పంపు పెట్టించుకోండి. ఆర్‌ఓ నుంచి బయటికి పోయే నీళ్లు కూడా వద్దు, ఉప్పంతా దాంట్లోనే చేరుతుంది. మున్సిపల్ నల్లా నీళ్లు వస్తుంటే వాటిని నూరువరహాలకీ గంధరాజానికీ దాచండి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, బక్కెట్ పెట్టి పట్టండి, రోజుకి రెండు కుండీలకి సరిపోతుంది. వాన నీళ్లు సరేసరి.

ఇక పోసే తీరు. అమ్మగారు రోజూ పొద్దున్నే ఒక్కో మొక్కకీ అరచెంబు పోస్తారని రాశారు. కోనసీమలో కాలువ ఒండ్రు, గాల్లో తేమ, రెండు నిలువుల్లో నీళ్లు, అక్కడ అరచెంబు ఆప్యాయతకే, మొక్క అవసరానికి కాదు. ఇక్కడ మే నెలలో వడగాడ్పు, కింద రాతి నేల. అరచెంబు పైన రెండంగుళాలు తడిపి ఆగిపోతుంది, వేళ్లు ఆ తడి కోసం పైపైనే పరుచుకుంటాయి, ఒక్కరోజు మీరు ఊరెళితే చాలు మొక్క వాలిపోతుంది. నేలలో ఉన్నవాటికి రోజూ కాకుండా మూడు రోజులకోసారి, మండు వేసవిలో రోజు విడిచి రోజు, అడుగు లోతు తడిసేలా పెట్టాలి. ఎండుటాకులు, ఎండుగడ్డి మొక్క మొదట్లో నాలుగంగుళాలు కప్పితే నీళ్లు చాలా మిగులుతాయి, కాండానికి ఆనకుండా చూసుకోండి. అయితే ఇది అమ్మగారికి ఎలా చెప్పడం? "నీ నీళ్లు సరిపోవడం లేదు" అంటే ఆవిడ అసలే తప్పుకున్నారు, ఇంకా దూరమవుతారు. కుండీలకి వేసవిలో రోజూ నీళ్లు కావాల్సిందే. కుండీలన్నీ ఆవిడకి అప్పజెప్పండి, నేలలో ఉన్నవాటికి మీరు పైపు పెట్టండి. ఆవిడ అలవాటు మారక్కర్లేదు, అది పనికొచ్చే చోటికి మారితే చాలు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మందారం మొగ్గ రాలడానికి ఎండ లేకపోవడం, ఒకరోజు బురద ఒకరోజు ఎడారి, పేనూ తామర పురుగులూ, ఏదైనా కావచ్చు. రాలిన మొగ్గని విప్పి తెల్లకాగితం మీద దులపండి, సన్నటి పురుగులు కదిలితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి కొట్టండి, ఏమీ లేకపోతే మందులు కొనకుండా చోటు మార్చండి. గులాబీకి మొదలు దగ్గర నుంచి వచ్చిన ఆ బారెడు కొమ్మ అంటు ముడి కింద నుంచి వచ్చిందేమో చూడండి. అలా అయితే అది మీరు కొన్న గులాబీ కాదు, అంటు కట్టడానికి వాడిన మొక్క, దాన్ని కత్తిరించకుండా మొదలంటా చీల్చి తీసేయండి, లేకపోతే పై గులాబీని చంపేస్తుంది. మంచి కొమ్మల్ని వానలు తగ్గాక అక్టోబరులో కత్తిరిస్తే సుమారు నెలన్నరకి పూస్తుంది. హైడ్రేంజియాకి చల్లదనం, తేమ కావాలి, ఊటీలో మొక్క అది. మన దగ్గర పూలతో కొన్నారంటే బొకే కొన్నట్టే లెక్క, పూసినన్నాళ్లు చూసుకుని వదిలేయాలి. ఎజేలియా, కమేలియా కూడా అంతే, నర్సరీలో ఎంత ముద్దొచ్చినా.

టైల్స్ గొడవకి వద్దాం. మీవారు అన్నీ తప్పు మాట్లాడటం లేదు. డబ్బు పోతోంది, బురద తొక్కుతున్నారు, ఫలితం లేదు, విసుగు రాదా. ఇంటి చుట్టూ మొత్తం వేయిస్తే ఏమవుతుందో ఆలోచించండి: ఊడ్చుకోవడం తేలిక, దోమలు కొంత తగ్గొచ్చు, కానీ వేసవి రాత్రుళ్లు ఇల్లు ఇంకాస్త కాలుతుంది, వాన నీళ్లు ఇంకకుండా వీధి పాలవుతాయి, మీ బోరు సంగతి మీకే తెలుసు. పైగా వేయించడం ఒక్కరోజు పని, తీయించడం ఎవరూ చేయరు. మీ అమ్మగారు దాన్ని ఎలా అర్థం చేసుకుంటారో నాకంటే మీకే బాగా తెలుసు. అన్నీ డాబా మీదికి మార్చేయడం ఇంకో దారి. ఎండకి లోటు లేదు, చామంతికీ గులాబీకీ కాగితం పూలకీ భేషైన చోటు, కానీ మే నెలలో కుండీలకి రెండు పూటలా నీళ్లు, పచ్చ నెట్ కట్టాలి, స్లాబు తడవకుండా స్టాండ్లు కావాలి, అన్నిటికీ మించి అమ్మగారు మెట్లెక్కలేరు. అప్పుడా తోట మీది అవుతుంది, ఆవిడది కాదు. మీకు కావాల్సింది అదే అయితే సరే.

మూడో దారి, దక్షిణపు సందు మీవారికి వదిలేయడం. నిజంగా. అక్కడ పూలు రావు, టైల్స్ వేయించుకోనీయండి, సైకిళ్లో గ్యాస్ బండలో పెట్టుకుంటారు. పచ్చదనం కావాలంటే నాలుగు మనీప్లాంట్ కుండీలు, స్నేక్ ప్లాంట్లు చాలు. బదులుగా తూర్పు మడి ఆయన దగ్గర మాట తీసుకోండి, ఇటుక కట్టించే పనీ, చామంతి కుండీలు డాబా ఎక్కించే పనీ ఆయన వంతు. పడమర పెరట్లో సాయంత్రం ఎండ భరించేవి ఒకటో రెండో చాలు, కాగితం పూల చెట్టు అయితే నీళ్లు తక్కువ పోసినకొద్దీ ఎక్కువ పూస్తుంది. గన్నేరు కూడా బాగా బతుకుతుంది కానీ చెట్టంతా విషం, చిన్నపిల్లలు వచ్చిపోయే ఇల్లయితే నేను పెట్టను.

దసరాకి మొక్కలు తేవాలా అన్నారు. తెండి, అమ్మగారినే ఎంచనివ్వండి, కాకపోతే తూర్పు మడికి సరిపోయేవే. రెండు మందారాలు ముద్దవి కాకుండా రేకవి, అవి గట్టివి. కనకాంబరం ఓ అయిదారు, దానికి మధ్యాహ్నపు నీడ ఇష్టం కాబట్టి ఇంటి గోడ వైపు పెట్టొచ్చు. ఢిల్లీ కనకాంబరం అడగండి, దానికి గింజ ఉండదు, కొమ్మలతోనే పెంచుతారు, అమ్మగారు తర్వాత తనే పెంచుకోవచ్చు. నందివర్ధనం ఒకటి, అది సగం నీడలో కూడా నిరాశ పరచదు. ఒక నూరువరహాలు, కుండీ కోసం. మల్లె కొనొద్దు, నేలంటు ఉందిగా. పెద్ద మొక్కలు, పూలతో ఉన్నవి చూసి మురిసిపోకండి, పూత లేని లేత మొక్కే కొత్తచోట తొందరగా వేరూనుతుంది.

ఇంటికొచ్చాక వెంటనే నాటేయకండి. అక్కడి మొక్కలు గోదావరి ఒండ్రు ముద్దలో వస్తాయి, అక్కడి తేమలో అది మెత్తగానే ఉంటుంది, ఇక్కడ ఎండితే ఇటుక ముక్కే. చుట్టూ మీరు ఎంత మంచి మట్టి వేసినా నీళ్లు ముద్ద పక్కనుంచి జారిపోతాయి, లోపల వేరు ఎండుతుంది. పది పదిహేను రోజులు తూర్పు నీడలో ఉంచి, నాటే రోజున బక్కెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి, పైనున్న బంక మట్టిని వేళ్లతో మెల్లగా వదులు చేసి పెట్టండి. మందారం, కనకాంబరం, నందివర్ధనం దీనికి తట్టుకుంటాయి, కాగితం పూల మొక్కని మాత్రం కదపకండి, దాని వేళ్లు సున్నితం. మామూలుగా వేసవికి తెచ్చి మేలో పోగొట్టుకుంటున్న మీకు అక్టోబరులో నాటితే ఎండలు ముదిరే లోపు అయిదు నెలలు దొరుకుతాయి. డిక్కీలో తెచ్చేటప్పుడు మధ్యలో భోజనానికి ఆగితే కారు నీడన పెట్టి డిక్కీ తలుపు తెరిచి ఉంచండి, లేకపోతే సగం మొక్కలు ఇంటికి రాకముందే అక్కడ ఉడికిపోతాయి.